కాంతి గడియారమా, టెన్సర్లా?

వేగంగా వెళ్లే గడియారం ఎందుకు నెమ్మదిస్తుందో చెప్పడానికి రెండు దారులున్నాయి. గుంటూరు బ్రాడీపేటలో టీ తాగుతూ మావాళ్లు వాదించుకునేది వీటి మీదే.

మొదటిది కాంతి గడియారం: రెండు అద్దాలు, మధ్యలో పైకీ కిందికీ తిరిగే కాంతి. ఆ గడియారం కాంతి వేగంలో 60 శాతంతో పక్కకు పోతోందనుకోండి. కాంతి పై అద్దాన్ని చేరేలోపు మనకు 5 సెకన్లు పట్టిందంటే, ఏటవాలుగా అది పోయిన దూరం 5 పాళ్లు, గడియారం పక్కకు జరిగింది 3 పాళ్లు. ఇక నిలువు దూరం 4. గడియారంతో పాటు పోయేవాడికి కాంతి వెళ్లింది ఈ 4 పాళ్లే, కాంతి వేగమేమో ఎవరికైనా ఒకటే. అంటే అక్కడ గడిచింది 4 సెకన్లే. పదో తరగతి పైథాగరస్ చాలు.

రెండోది టెన్సర్లు, అంటే స్థలాన్నీ కాలాన్నీ కలిపి లెక్కగట్టే పై స్థాయి గణితం. టిష్యూ పేపరు నిండా ఇండెక్సులు (అక్షరాల పక్కన పైనా కిందా వేసే చిన్న గుర్తులు) గీకి, చివరికి తేల్చేది అదే 4 సెకన్లు! ఇంటర్ కుర్రాడి ప్రశ్నకు ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. సగం మంది అర్థమైనట్టు తలూపి మెల్లగా జారుకుంటారు. ఇక్కడ నా ఓటు త్రిభుజానికే.

గురుత్వం దగ్గర మాత్రం కథ వేరు. ఐన్‌స్టీన్ అంతటివాడే 1912లో గణితజ్ఞుడైన మిత్రుడు గ్రాస్‌మన్ సాయంతో ఆ టెన్సర్ల గణితం పట్టాల్సి వచ్చింది. బుధుడి కక్ష్య శతాబ్దానికి అదనంగా 43 ఆర్క్ సెకన్లు (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) ఎందుకు తిరుగుతుందో పైథాగరస్ త్రిభుజంతో తేలదు.