అండమాన్‌కి నాలుగు రోజులా, ఎనిమిది రోజులా?

చెన్నై నుంచి విమానంలో రెండు గంటల చిల్లర. అంత దగ్గరైనప్పుడు నాలుగు రోజులు చాలదా అంటుంది మా ఆవిడ. నేను ఎనిమిదికి పట్టుబడుతున్నాను.

నాలుగు రోజుల్లో సెల్యులార్ జైలు, హావ్‌లాక్ దీవిలో రాధానగర్ బీచ్ చూసి రావచ్చు. ఖర్చు తక్కువ, ఆఫీసులో సెలవు అడగడమూ తేలిక. కానీ రాకపోకల రోజులు తీసేస్తే మిగిలేది రెండే. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) నుంచి హావ్‌లాక్ వెళ్ళే ఫెర్రీకే ఓ పూట పోతుంది. సముద్రం బాగాలేక అది రద్దయితే తిరుగు విమానం గురించి టెన్షన్. పైగా గడియారం మనదే అయినా ఆ దీవులు బాగా తూర్పున ఉన్నాయి. చలికాలంలో సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుంది. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తే ఆ రోజు అయిపోయినట్టే!

అసలు చిక్కు స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రంలోకి దిగే డైవింగ్) దగ్గర. నీళ్ళలో లోతుకు దిగినప్పుడు ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. అందుకే చివరి డైవ్ తర్వాత 18 నుంచి 24 గంటలు ఆగి విమానం ఎక్కమంటారు. నాలుగు రోజుల ప్లాన్‌లో అది ఇరుకే.

ఎనిమిదైతే నీల్ దీవిలో రెండు రాత్రులు ఉండొచ్చు, వాన రోజుకీ చోటుంటుంది. ఆరో రోజుకి పిల్లలు విసుగంటారేమో, నిజమే. మా ఇంట్లో బేరం ప్రస్తుతం ఆరు దగ్గర ఆగింది.