గప్పీ చేపలు, 20 లీటర్ల ట్యాంకు: నాలుగు నెలలు చూశాక రాస్తున్నా

మా ఇంట్లో ఏడేళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ అబ్బాయి. కుక్కపిల్ల కావాలని ఏడాదిపాటు ఒకటే గొడవ. మేమిద్దరం ఆఫీసులకి పోతే దాన్ని చూసేదెవరు? చిన్నాడు రామచిలుకతో సర్దుకుంటానన్నాడు. మన చిలుకల్ని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరంరా అంటే, "పోలీసులొచ్చి చిలకని పట్టుకుంటారా, నన్ను పట్టుకుంటారా?" అన్నాడు. చివరికి చేపల దగ్గర రాజీ కుదిరింది.

మొదట కొన్నది గుండ్రటి గాజు గిన్నె, రెండు గోల్డ్‌ఫిష్‌లు. "మెయింటెనెన్స్ ఏం ఉండదు మేడమ్" అన్నాడు కొట్టబ్బాయి. తొమ్మిదో రోజు పొద్దున రెండూ తేలాయి. గోల్డ్‌ఫిష్ జానెడు పెరిగే చేప. ఎంత తింటుందో అంత మురికి చేస్తుంది, ఫిల్టర్ లేని గిన్నెలో ఆ మురికిలోంచి పుట్టే అమోనియానే దాని ప్రాణం తీస్తుంది. ఇదంతా నాకు పదో రోజున తెలిసింది.

తర్వాత విజయవాడ పటమటలోనే ఇంకో చిన్న కొట్టుకి వెళ్ళాను. అక్కడి పెద్దాయన ముందు అడిగింది, మీ ఇంట్లో ఏ నీళ్ళు అని. బోరు నీళ్ళండీ, బకెట్లకి తెల్లగా పొర కడతాయి అన్నాను. "అయితే గప్పీలు పెట్టండమ్మా, వాటికి ఆ నీళ్ళే పడతాయి." మున్సిపాలిటీ నీళ్ళయితే క్లోరిన్ పోయే మందు చుక్కలు వేసుకోవాలట. ట్యాంకు, స్పాంజి ఫిల్టర్, గాలి మోటారు, ఐదు గప్పీలు అన్నీ కలిపి 1,650 రూపాయలు అయింది.

డబ్బు తీసుకున్నాడు గానీ చేపలు వెంటనే ఇవ్వలేదు. తన ట్యాంకులో నానుతున్న స్పాంజి ఒకటి తీసి కవర్లో కట్టిచ్చాడు. చూస్తే గోధుమరంగులో జిగటగా ఉంది. ఇంటికెళ్ళి శుభ్రంగా కడుగుతానంటే గట్టిగా అరిచాడు. ఆ జిగటలోనే అమోనియాని విరగ్గొట్టే బాక్టీరియా ఉంటుందట. వారం తర్వాతే చేపలు ఇచ్చాడు. ఆ వారమంతా మా పిల్లలు ఖాళీ నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు.

తిండి దగ్గరే అసలు టెన్షన్. పిల్లలకి చేపలు ఎప్పుడూ ఆకలిగానే కనిపిస్తాయి. మా అమ్మాయి వేసి వెళ్తే, వెనకే తమ్ముడు ఇంకో గుప్పెడు వేసేవాడు. నాలుగో రోజుకి నీళ్ళు గంజిలా అయ్యాయి. మా మామయ్యగారి మాత్రల డబ్బా పాతది ఒకటి ఉంది, వారం రోజులకి ఏడు గళ్ళు. ఆదివారం రాత్రి ఒక్కో గదిలో ఒక్కో చిటికెడు తిండి వేసి ఉంచుతాను. ఆ రోజు గది ఖాళీ అయిందంటే ఇక అంతే. చిన్నాడికి వారాల పేర్లు కూడా వచ్చేశాయి.

పెద్దాయన మీద నాకున్న ఒకే ఒక్క కోపం: ఐదింటిలో రెండు ఆడవని చెప్పలేదు. మగవి చిన్నగా, రంగుల తోకలతో ఉంటాయి. ఆడవి కాస్త లావుగా, వెలిసిపోయినట్టుంటాయి. గప్పీలు గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. ఒక సాయంత్రం కనురెప్ప వెంట్రుకంత పిల్ల ఒకటి అద్దానికి అతుక్కుని కనిపించింది. పిల్లలిద్దరూ ఎగిరి గంతేసేలోపే తల్లి వచ్చి మింగేసింది. "అమ్మా, వాళ్ళమ్మే తినేసింది!" ఆ రాత్రి మా అమ్మాయి నా పక్కన పడుకోలేదు, నాయనమ్మ దగ్గరికి వెళ్ళింది. అందుకే చెప్తున్నా, అన్నీ మగవే అడిగి తీసుకోండి.

మోటారు రాత్రిళ్ళు దోమలా గుయ్‌మంటుంది, కింద మడిచిన గుడ్డ పెడితే తగ్గింది. ఆదివారం పావువంతు నీళ్ళు మార్చడం నా పనే. పిల్లలు మగ్గు అందిస్తారు, నేల తడుపుతారు.

అయిదుకి నాలుగు ఇస్తాను. తల్లికి దొరక్కుండా నాచులో దాక్కున్న పిల్లలు ఇప్పుడు పదిహేడు. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా వచ్చి తీసుకెళ్ళొచ్చు, ముందు ఫిల్టరున్న ట్యాంకు ఫొటో చూపించాలి.