ఇంటి నేలకు ఏది మేలు: నాపరాయా, గ్రానైటా, విట్రిఫైడ్ టైలా, మార్బులా?

ఇల్లు కట్టేవాళ్లు గోడల రంగు గురించి నెల రోజులు ఆలోచించి, నేల సంగతి షోరూంలో అరగంటలో తేల్చేస్తుంటారు. రంగు నచ్చకపోతే మళ్లీ వేయించుకోవచ్చు. నేల నచ్చకపోతే మాత్రం సామానంతా బయట పెట్టి, పాతది పగలగొట్టి, కొత్త మట్టానికి తలుపుల అడుగు కోయించుకోవాలి.

మన ఊళ్లలో పోటీ ముఖ్యంగా నాలుగింటి మధ్యే. తాండూరు, బేతంచర్ల వైపు నుంచి వచ్చే నాపరాయి. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో దిగే విట్రిఫైడ్ టైల్, అంటే బాగా కాల్చి గాజులా గట్టిపరిచిన టైల్. రాజస్థాన్ నుంచో ఇటలీ నుంచో వచ్చే మార్బుల్. అందం ఎవరి కంటికి వారిదే కనుక దాన్ని పక్కన పెట్టి, పదేళ్ల తర్వాత ఏది ఎలా ఉంటుందో చూద్దాం.

పులుపు పడితే

నాపరాయి సున్నపురాయి. మార్బుల్ కూడా ఆ కుటుంబమే, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రూపు మారిన సున్నపురాయి. రెండింటిలోనూ ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్, దానికి ఆమ్లం పడదు. కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు ఏర్పడింది ఈ గుణం వల్లే: కొద్దిపాటి ఆమ్లం కలిసిన భూగర్భ జలం సున్నపురాయిని తొలిచేసింది. వంటింట్లో ఒలికిన చింతపండు రసం, నిమ్మరసం అదే పని చిన్నగా చేస్తాయి. మెరుస్తున్న నేల మీద పాలిపోయిన మచ్చ పడుతుంది. అది మరక కాదు, రాయి కరిగిన చోటు. ఎంత తుడిచినా పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే.

ఇంకా పెద్ద ప్రమాదం ఇల్లు అప్పగించే ముందు రోజు జరుగుతుంది. సిమెంటు మరకలు పోవాలని కూలీలు యాసిడ్ పోసి కడిగేస్తారు. టైల్ నేల మీదైతే అది సందుల్లో నింపిన సిమెంటు ముద్దను (గ్రౌట్‌ను) తింటుంది, నాపరాయి మీదైతే రాయినే తింటుంది. ఈ పని చేయొద్దని మేస్త్రీకి ముందే చెప్పండి, వీలైతే సైట్‌లో యాసిడ్ సీసానే ఉండనివ్వకండి. గ్రానైట్, విట్రిఫైడ్ ఈ పరీక్ష సులువుగా దాటేస్తాయి. చీమకుర్తిలో దొరికే గెలాక్సీ అనే నల్లరాయి నిజానికి గాబ్రో అనే వేరే జాతి రాయి, గ్రానైట్ అన్నది వ్యాపారం పేరు. పులుపుకు మాత్రం అదీ లొంగదు.

గట్టిదనం లెక్కా ఇలాంటిదే. మోస్ కొలమానంలో మార్బుల్ సుమారు 3, గ్రానైట్ 6 నుంచి 7, చెప్పులకు అంటుకుని వచ్చే ఇసుకలోని క్వార్ట్జ్ 7. అంటే గుమ్మం దగ్గర ఇసుకే మార్బుల్‌కు ఉప్పుకాగితం. మార్బుల్ హాల్లో నడిచే దారి మాత్రమే మసకబారి, సోఫా కింద మెరుపు అలాగే ఉండటానికి కారణం ఇదే.

నాపరాయి: చవకే కానీ పని ఎక్కువ

ఇది పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. బలమూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి. పొర వెంట తేలిగ్గా చీలుతుంది కనుక చవక. అదే కారణంగా ఒక్కో బండ మందం ఒక్కోలా, 20 నుంచి 40 మి.మీ. దాకా ఉంటుంది. అడుగున వేసే మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) ఆ తేడాను సర్దాలి కాబట్టి పరుపు 40 మి.మీ.కి తగ్గితే మట్టం కుదరదు. నాలుగు అంచులూ మిషన్ కోత ఉన్న 2×2 అడుగుల బండలే తీసుకోండి. చేతికోత బండలకు సందులు వెడల్పవుతాయి, ఆ సందులే తర్వాత నల్లబడతాయి.

కొనేటప్పుడు ప్రతి బండనూ నిలబెట్టి నాణెంతో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది. డొల్లగా మోగితే లోపల పొర విడి ఉన్నట్టు, పాలిష్ మిషన్ తగలగానే అక్కడ పెచ్చు లేస్తుంది.

పాలిష్‌కు తొందరపడితే చెడుతుంది. పరిచాక కనీసం వారం, పది రోజులు తడపాలి. ఆ తర్వాత 60 లేదా 80 నంబరు రాయితో మొదలుపెట్టి 120, 220, 320, 400, 600 దాకా వరసగా వెళ్లాలి. మధ్యలో ఒక నంబరు ఎగరగొడితే ముందు రాయి గీతలు మిగిలిపోతాయి. పాలిష్ తడి మీద కనబడవు, ఆరాక ఎండ ఏటవాలుగా పడినప్పుడు బయటపడతాయి. డబ్బు లెక్క తేల్చే ముందు ఆ వెలుగులో ఒకసారి చూడండి. బండ ధర విని మురిసిపోయినవాళ్లు పాలిష్ కూలీ, రవాణా, 10 శాతం తరుగు కలిపాక మామూలు టైల్ దగ్గరికే వచ్చామని తెలుసుకుంటారు.

గ్రానైట్: రాయి గట్టిదే, వెనక వల చూడండి

పలకను తిప్పి చూడండి. వెనక ఫైబర్ వల, జిగురు ఉంటే ఆ పలక రవాణాకు తట్టుకోదని బలం పట్టించారన్నమాట. వల తప్పేమీ కాదు. కానీ సిమెంటు మాలు ఆ జిగురు పొరకు సరిగా పట్టదు, కొన్నాళ్లకు డొల్ల మోగుతుంది. అలాంటి పలకకు ఎపాక్సీ అంటింపు వాడాలి, లేదా వల గీకించేయాలి.

నిగనిగలాడే నల్ల రాయి మీద అసిటోన్ తడిపిన తెల్లగుడ్డ రుద్దండి. నలుపు అంటితే రంగు వేసిన రాయి. లేత రంగు గ్రానైట్‌తో వేరే చిక్కుంది: అడుగు మాలులోని తడి అంచుల నుంచి పైకి పీల్చుకుని ఫొటో ఫ్రేము కట్టినట్టు ముదురు చారలు వస్తాయి. రాయిలో ఇనుము ఉంటే తుప్పు చుక్కలు కూడా తేలతాయి. వేయకముందే అడుగుకూ అంచులకూ తడి పీల్చనివ్వని సీలర్ పూయడమే దీనికి విరుగుడు. వేశాక చేయగలిగింది తక్కువ.

వంటగట్టు, మెట్లు, గడప: ఈ మూడింటికీ గ్రానైట్‌ను మించింది లేదు. హాలంతా అద్దంలా మెరిసే గ్రానైట్ పరవడం మాత్రం ముసలివాళ్లున్న ఇంట్లో నేను ఒప్పుకోను. చుక్క నీళ్లు పడితే చాలు.

విట్రిఫైడ్: తప్పు టైల్‌ది కాదు, అడుగుది

ఈ టైల్ నీళ్లు పీల్చేది 0.5 శాతానికి మించదు. అందుకే మరక పట్టదు. అందుకే మామూలు సిమెంటు కూడా పట్టదు. ఎక్కువ ఇళ్లలో జరిగేది ఏమిటంటే, ఇసుక పరుపు మీద నాలుగు మూలలా, మధ్యలో సిమెంటు ముద్దలు పెట్టి టైల్ బోర్లిస్తారు. ముద్దల మధ్య గాలే మిగులుతుంది. బరువైన గిన్నె పడితే పగిలేది సరిగ్గా అక్కడే.

సరైన పద్ధతి ఇది. గట్టిపడిన, మట్టమైన సిమెంటు నేల మీద పాలిమర్ కలిసిన టైల్ అడ్హెసివ్‌ను (టైల్ అంటించే మిశ్రమాన్ని) పళ్ల తాపీతో ఒకే దిక్కుగా గీతలు వచ్చేలా పరవాలి. 2×4 అడుగుల టైల్‌కైతే వెనకవైపు కూడా పలచగా పూయాలి. 20 కిలోల సంచి 3 మి.మీ. మందానికి 45 చదరపు అడుగుల వరకు వస్తుంది. మేస్త్రీ 100 వస్తుందంటే ఎక్కడో ముద్దలు పెడుతున్నాడని అర్థం. మొదటి రోజు ఒక టైల్ వేయించి వెంటనే పీకించి చూడండి, వెనక అంతా అంటుకుని ఉండాలి.

సందు లేకుండా అతికించమని అడగకండి. కనీసం 2, వీలైతే 3 మి.మీ. వదలాలి, గోడ పక్కన ఇంకాస్త ఎక్కువ వదిలి, గోడ అడుగున అంటించే పట్టీతో (స్కర్టింగ్‌తో) కప్పాలి. ఎండకు టైల్ వ్యాకోచిస్తుంది, కింద స్లాబ్ కుంచించుకుంటుంది. జాగా లేకపోతే ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడుతో రెండు టైళ్లు గుడారంలా లేస్తాయి.

పొడుగు టైళ్లను ఇటుక వరసలా సగానికి జరిపి వేయడం ఇంకో పొరపాటు. ఆ టైల్ మధ్యలో కాస్త ఉబ్బి ఉంటుంది. సగానికి జరిపితే ఒకదాని ఉబ్బు పక్కదాని పల్లపు అంచు దగ్గరికొచ్చి కాలికి తగులుతుంది. మూడో వంతుకు మించి జరపకూడదు.

రకాల్లో డబుల్ చార్జ్‌కు పైరంగు 3–4 మి.మీ. లోతు ఉంటుంది, జనం తిరిగే హాలుకు అదే నయం. బొమ్మ అచ్చు వేసి గ్లేజు పట్టిన టైళ్లకు రంగు పైపొరలోనే ఉంటుంది, పడకగదికి చాలు. బాత్రూంకు కాలు జారకుండా ఎంత పట్టు ఇస్తుందో చెప్పే రేటింగ్ ఆర్‌10 లేదా ఆర్‌11 ఉన్నది అడగండి, సైజు 1×1 అడుగు దాటనివ్వకండి. 4 అడుగులకు అర అంగుళం వాలు నాలుగు వైపుల నుంచీ నీళ్లు పోయే జాలీకి రావాలంటే పెద్ద టైల్ వంగదు కదా.

మార్బుల్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పూజగది, చెప్పులు రాని మేడమీద గది, కొన్నేళ్లకోసారి పాలిష్‌కు ఓపిక, ఇవుంటే వేయించుకోండి. వంటింటి దరిదాపులకు వద్దు.

బరువు, చల్లదనం

పాత ఇంటి నేల మీదే కొత్తది వేసేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. 25 మి.మీ. నాపరాయి, 40 మి.మీ. మాలు కలిపితే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. ఇళ్ల స్లాబుకు మనుషులు, సామాను కోసం లెక్కలో వేసుకునేది 200 కిలోలే. అడ్హెసివ్ మీద 10 మి.మీ. టైల్ అయితే 30 కిలోల లోపు. మేడ మీద కొత్త నేలకు టైల్ తప్ప మరొకటి చెప్పలేను.

నాపరాయి చల్లగా ఉంటుందన్న మాట నేలనంటిన ఇంటికి నిజం, ఎందుకంటే కింద మట్టి ఉంది. మూడో అంతస్తులో ఏ రాయైనా గది వేడికే వస్తుంది. చల్లదనం కావాలంటే ఆ డబ్బు పైకప్పు మీద ఖర్చు పెట్టండి.

కాబట్టి సొంత స్థలంలో కింది అంతస్తు హాలు, వరండాలకు నాపరాయి, అదీ వరండాకు పాలిష్ లేకుండా. వంటింటి నేలకు, అపార్టుమెంటులో అన్ని గదులకు విట్రిఫైడ్. గట్టుకూ మెట్లకూ గ్రానైట్. టైల్ కొనేటప్పుడు 5–7 శాతం తరుగుకు పోను, అదే షేడ్ నంబరున్న పెట్టె ఒకటి అదనంగా తీసుకుని అటకెక్కించండి. రెండేళ్ల తర్వాత పైపు లీకై నాలుగు టైళ్లు తీయాల్సి వస్తే, అదే పేరుతో దొరికే కొత్త టైల్ రంగు కలవదు.