మూడు వానాకాలాలు చూసిన మా నీటి బండి

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా కోనసీమ లంకలో చేతిపంపులు కూడా మునిగిపోయాయి. ఆ మరుసటి ఏడాది కుర్రాళ్లమంతా చందాలు వేసుకుని, ట్రాక్టరుకు తగిలించే నీటి శుద్ధి బండి కొన్నాం. అప్పటి నుంచి దాన్ని నడిపేది నేనే.

ఇసుక డ్రమ్ము, బొగ్గు డ్రమ్ము, ఆ తర్వాత అల్ట్రాఫిల్ట్రేషన్ మెంబ్రేన్ (అతి సన్నని రంధ్రాలున్న వడపోత పొర), చివర క్లోరిన్ చుక్కలు వదిలే పంపు. ఇంతే సరంజామా. గంటకు వెయ్యి లీటర్లు వస్తాయన్నారు అమ్మినవాళ్లు. జనవరిలో, కాలువ తేటగా ఉన్నప్పుడు, అది నిజమే. మొదటి ఎర్రనీటి రోజున మాత్రం గొట్టం నేరుగా ఏట్లో వేశాను. ముప్పావుగంటలో ధార దారమంత అయింది. డ్రమ్ము మూత విప్పితే ఇసుక మీద పూతరేకంత పలచని బురద పొర. అదే నీటిని ఆపేసింది.

ఇప్పుడు ముందురోజు సాయంత్రమే రెండు ట్యాంకులు నింపి, పటిక పొడి కలిపి, తెల్లారాక పైతేట మాత్రమే తోడుతున్నాం. నీళ్లు తేటపడాలని మా నాయనమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది. లక్షలు పోసిన బండి కూడా చివరికి ఆ పనే చేయమంది!

ఒక వేసవిలో సముద్రం వైపు ఊరివాళ్లు అడిగితే బండి తీసుకెళ్లాం. బోరు నీళ్లు అద్దంలా వచ్చాయి, ఉప్పదనం మాత్రం అలాగే ఉంది. ఈ మెంబ్రేన్ మురికినీ క్రిములనూ ఆపుతుంది, కరిగిన ఉప్పును ఆపదు. దానికి ఆర్‌ఓ కావాలి. అందులో చాలా నీరు వృథాగా పోతుంది, డీజిలూ ఎక్కువే తాగుతుంది.

క్లోరిన్‌తో ఇంకో తంటా. “బాబూ, మందు వాసన, మాకొద్దు” అని బిందెలు వెనక్కి తిప్పేవారు. అరగంట ఆగి, చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటోలిడిన్ (క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేల్చే మందు) చుక్కలు వేసి, లేత పసుపు రంగు చూపించేవాణ్ని. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రమాణం. లెక్క చెబితే ఎవరూ వినలేదు గానీ, రంగు చూశాక పట్టుకెళ్లారు.

నాకున్న అసలు కోపం వేరే. వరద లేని ఆరు నెలలు బండిని షెడ్డులో ఎండబెట్టాం. మెంబ్రేన్ తడి ఆరిపోతే పాడవుతుందని అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. కొత్తదానికి మళ్లీ చందాలు ఎత్తాల్సి వచ్చింది. ఇప్పుడు సీజను అయిపోగానే మెంబ్రేన్ ఆరిపోకుండా నిల్వ ద్రావణం నింపి, రెండు వైపులా బిరడాలు బిగించి, షెడ్డు తలుపు మీద తేదీ సుద్దముక్కతో రాస్తున్నాను.