రాజీనామా మెయిల్ పంపకముందే పక్క సీటువాళ్లకు చెప్పేస్తున్నారా? ఆగండి

ఆఫర్ లెటర్ రాగానే ఆఫీసులో దగ్గరివాళ్లకు చెప్పేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. "ఎవరికీ చెప్పకు" అన్న మాట సాయంత్రానికల్లా మేనేజర్ చెవిన పడుతుంది. విన్నవాళ్లు పగబట్టి చెప్పనక్కర్లేదు. "కొత్త పని తనకి ఇవ్వకండి, ఉండకపోవచ్చు" అని మామూలుగా అన్నా చాలు.

అప్పుడు మేనేజర్ గదిలోకి పిలిచి అడుగుతారు: "వెళ్లిపోతున్నావట కదా?" ఆ ప్రశ్నకు సరైన జవాబే లేదు. చేతిలో ఉన్నది షరతులున్న ఆఫర్. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అవలేదు, రిఫరెన్సులు (మీ పని గురించి మీతో పనిచేసినవాళ్ల మాట) అడగలేదు. అవునంటే ఉన్న ఉద్యోగానికి ఎసరు. కాదంటే నాలుగు రోజుల్లో అబద్ధమని తేలి, రేపు రిఫరెన్స్ ఇవ్వాల్సిన మనిషి దగ్గరే మాట పోతుంది. ఈలోగా కొత్త కంపెనీ నియామకాలు ఆపేస్తే రెండూ పోయినట్టే. ఆ మాట మోసిన స్నేహితుడేమో "నేనేం తప్పుగా అన్నాను?" అంటాడు. నమ్మి చెప్పినదాన్ని ఇంకొకరికి చెప్పడమే తప్పు!

బోనస్ సంగతీ చూసుకోండి. డబ్బు జమయ్యే రోజుకు నోటీసులో, అంటే రాజీనామా ఇచ్చి చివరి పనిదినం దాకా ఉండే గడువులో, ఉండకూడదని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. కంపెనీ ఇష్టం మీద ఇచ్చే బోనసైతే, వెళ్తున్నారని గుసగుస వినిపించినా కోసేస్తారు. ఖాతాలో పడ్డాకే రాజీనామా. అయినా తిరిగి కట్టమనే షరతు ఉందేమో ముందే చదవండి.

కొన్నిచోట్ల రాజీనామా ఇచ్చిన రోజే లాగిన్ తీసేస్తారు. పే స్లిప్పులు, అప్రైజల్ లెటర్లు ముందే దింపుకోండి. కంపెనీ ఫైళ్లు, కస్టమర్ల జాబితా మాత్రం ముట్టుకోవద్దు, డౌన్‌లోడ్‌లు లాగ్‌లో కనిపిస్తాయి.

షరతులన్నీ తీరాయని, చేరే తేదీ ఇదని కొత్త కంపెనీ రాసిచ్చాక మేనేజర్‌కు నోటితో చెప్పండి. అదే రోజు హెచ్ఆర్‌కు కాపీ పెట్టి, చివరి పనిదినం వేసి మెయిల్ పంపండి. అందిందని జవాబు వచ్చాక, టీమ్‌కు ఎప్పుడు చెప్పాలో మేనేజర్‌తో మాట్లాడుకుని అప్పుడు చెప్పండి.

లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం వెతుకుతున్నానని తెలిపే 'ఓపెన్ టు వర్క్' గుర్తును రిక్రూటర్లకే కనిపించేలా పెట్టినా, మీ కంపెనీ కంట పడదని లింక్డ్‌ఇన్ సంస్థే పూర్తి హామీ ఇవ్వదు. ఇంటర్వ్యూ మెయిళ్లు ఆఫీసు లాప్‌టాప్‌లో తెరవద్దు. దరఖాస్తులో "ప్రస్తుత యజమానిని సంప్రదించవచ్చా" అన్నచోట వద్దనే పెట్టండి. రిఫరెన్స్ కావాలంటే ఇప్పటికే ఆ ఆఫీసు వదిలి వెళ్లిన పాత సహోద్యోగిని అడగండి.