పప్పు రెండోసారి వచ్చేసరికి పన్నెండు నిమిషాలు

గుంటూరు బ్రాడీపేటలో నేను పదిహేనేళ్లుగా మధ్యాహ్న భోజనానికి వెళ్తున్న ఒక పాత హోటల్‌లో, ఈ మార్చి నెలలో వరుసగా నాలుగు రోజులు తిన్న తరువాత ఇది రాస్తున్నాను. వంటకు వంక పెట్టడానికేమీ లేదు. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు ఎప్పటిలాగే ఉన్నాయి. వంకాయ కూరలో కారం కాస్త ఎక్కువే, అయితే గుంటూరులో కూర్చుని ఆ మాట ఫిర్యాదుగా చెప్పడం బాగుండదు.

ఇబ్బంది అంతా వడ్డనలో ఉంది. ఒకప్పుడు నాలుగు వరుసల బల్లలకు ఎనిమిది మంది సప్లయర్లు తిరిగేవారు, ఇప్పుడు ముగ్గురే కనిపిస్తున్నారు. సాంబారు బకెట్ పట్టుకున్న కుర్రవాడే మరో చేత్తో అప్పడాల బుట్ట మోస్తూ, నెయ్యి గిన్నె కోసం మళ్లీ లోపలికి పరుగెత్తవలసి వస్తోంది. మంగళవారం నాడు "బాబూ, కొంచెం పప్పు" అని పిలిచి గడియారం చూసుకున్నాను. అది వచ్చేసరికి పన్నెండు నిమిషాలు గడిచాయి, అప్పటికే నేను పెరుగన్నంలోకి దిగాను. గోడ మీద రాసిన 'ఎంతైనా తినవచ్చు' అనే మాట అబద్ధం కాదు గానీ, పెట్టే మనిషి లేనప్పుడు ఎంతైనా అంటే ఒక్కసారే.

కౌంటర్‌లో ఉన్న యజమానిని అడిగితే ఆయన దాచకుండా చెప్పారు. వడ్డించేవారిలో ఎక్కువ మంది ఒడిశా, బెంగాల్ కుర్రవాళ్లు. పండుగకో, ఊళ్లో పెళ్లికో ఫలక్‌నుమా రైలు ఎక్కారంటే తిరిగి వచ్చేదాకా నమ్మకం లేదు. ఇక కూరగాయలు తరిగే ఆడవాళ్లు మిర్చి సీజన్ మొదలవగానే కోతలకో, తొడిమలు తీయడానికో, తాలుకాయలు ఏరడానికో వెళ్తారు. అక్కడ కూలి ఎక్కువ, పని కూడా గుంపుగా మాట్లాడుకుంటూ చేసేది. వాళ్లను తప్పుపట్టలేం. ఈ హోటల్ ఇచ్చే జీతం ఎంతో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అసలు ముడి అక్కడే ఉందని మాత్రం నాకు అనిపించింది.

సరుకులకు కరువు వచ్చినప్పుడు ఈ హోటల్ నడిచిన తీరు వేరు. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గి, ఏప్రిల్ చివర ఇండోనేషియా కూడా పామాయిల్ ఎగుమతులు ఆపివేసినప్పుడు, ఇక్కడ వేపుడు తీసేసి ఆవపెట్టిన కూర పెట్టారు, రేటు పెంచలేదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లోనే టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లి, ప్రభుత్వం రైతుబజార్లలో రాయితీ మీద 50 రూపాయలకు అమ్మించిన రోజుల్లో, 'ఈ రోజు టమాటా వంటలు లేవు' అని పలక మీద సుద్దముక్కతో రాసి వాకిట్లో పెట్టారు. ఆ రోజుల్లోనే వేరొక చోట టమాటా పప్పు అని చెప్పి చింతపండు పులుసు పోసిన పప్పు పెడితే తిని వచ్చాను కనుక, ఆ పలక విలువ నాకు తెలుసు.

ఆ నిజాయతీ మనుషుల కొరత దగ్గరకు వచ్చేసరికి ఎందుకు కనిపించదో అర్థం కాదు. ఉన్న ముగ్గురిలో ఒకడిని పార్సిల్ కట్టడానికి లాగేసుకుంటున్నారు. గుమ్మం దగ్గర ఫోను చేతబట్టుకుని నిలబడ్డ డెలివరీ కుర్రవాడికి సంచీ అందేదాకా బల్ల దగ్గర కూర్చున్నవాడు చెయ్యి ఎండబెట్టుకోవాల్సిందే. పప్పు, పచ్చడి, నెయ్యి గిన్నెల్లో బల్ల మీదే పెట్టి, అన్నం, సాంబారు మాత్రం వడ్డిస్తే సగం పిలుపులు తగ్గుతాయి. ఈ మాట యజమానితో అంటే, నెయ్యి గిన్నె మిగలదని నవ్వారు.

భోజనం 160 రూపాయలు. పన్నెండున్నరలోపు గానీ, రెండు దాటాక గానీ వెళ్లేవారికి ఈ కష్టం అంతగా ఉండదు. నడిమధ్య వెళ్లేవారు పప్పు మొదటిసారే కాస్త ఎక్కువ వేయించుకోవడం మంచిది.