త్రీడీ టీవీ: టీవీ బతికింది, త్రీడీ పోయింది

2012 దసరా ఆఫర్లలో హనుమకొండ చౌరస్తాలో కొన్న 42 అంగుళాల త్రీడీ టీవీ నయీంనగర్‌లోని మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. ప్యానెల్‌కు ఏమీ కాలేదు, రంగులు ఇంకా బాగున్నాయి. వార్తలు, సీరియళ్లు, క్రికెట్ అన్నీ దాని మీదే. మామూలు టీవీగా పదికి ఎనిమిది మార్కులు ఇస్తాను. కానీ అప్పట్లో మాతో వేలకు వేలు ఎక్కువ పెట్టించింది త్రీడీ అన్న మాటే. ఆ త్రీడీకి రెండు మార్కులు కూడా ఎక్కువే.

త్రీడీలో చూడటానికి ఏమీ లేదు కాబట్టి ఆ టీవీలు పోయాయని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగమే నిజం. మిగతా సగం మన ఇళ్లలో టీవీ చూసే పద్ధతిలో ఉంది.

బిగించడానికి వచ్చిన మనిషి టీవీని గోడకు బాగా ఎత్తులో బిగించి పోయాడు. సోఫాలో ఉన్నవాళ్లకు బొమ్మ చక్కగా లోతుగా కనిపిస్తోంది. కింద చాప మీద కూర్చున్న పిల్లలకేమో ప్రతి మనిషి పక్కన ఇంకో నీడ. దివాన్ మీద పక్కకు ఒరిగి పడుకున్న మా బాపు త్రీడీ అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని "ఏందిరా, బొమ్మ రెండురెండు కనబడ్తాంది?" అని అడిగాడు. టీవీలో లోపమేమో అనుకుని సర్వీసుకు ఫోన్ చేస్తే "ఎదురుగా, నిటారుగా కూర్చుని చూడండి సార్" అన్నారు.

వాళ్లు చెప్పింది నిజమే. మాది పాసివ్ రకం. తెర మీద ఉన్న 1080 వరుసల్లో ఒకటి విడిచి ఒకటి ఎడమ కంటికి, మిగతావి కుడి కంటికి వెళ్లేలా పైన పలచటి ఫిల్మ్ అతికించి ఉంటుంది. అంటే ఒక్కో కంటికి దక్కేది 540 వరుసలే. దగ్గర కూర్చుంటే అక్షరాల అంచుల్లో ఆ గీతలు కనిపిస్తాయి కూడా. ఫిల్మ్ మీది చారలు పిక్సెళ్లకు కాస్త ముందు ఉంటాయి కాబట్టి ఎదురుగా చూస్తేనే రెండూ సరిగ్గా కలుస్తాయి. కింద నుంచి చూస్తే చార పక్క వరుస మీదికి జరిగి, ఎడమ కంటి బొమ్మ కుడి కంట్లోకి దూరుతుంది. పిల్లలకు కనిపించిన నీడ అదే. బాపు సంగతి వేరు. త్రీడీలో రెండు బొమ్మలు అడ్డంగా పక్కపక్కకు జరిగి ఉంటాయి. మనిషి పక్కకు పడుకుంటే కళ్లు ఒకదాని మీద ఒకటి వస్తాయి, ఇక ఆ రెండు బొమ్మల్ని మెదడు కలపలేదు.

చాప మీద పిల్లలు, దివాన్ మీద బాపు, వంటింట్లోంచి వచ్చిపోతూ అమ్మ. టీవీ చూడటమంటే మాకు ఇదే. అమ్మకు చూపుకు అద్దాలు ఉన్నాయి, వాటి మీద ఇంకో జత నిలిచేది కాదు. డబ్బాలో వచ్చినవేమో నాలుగు జతలే. బతుకమ్మ పండుగకు అక్క, బావ, పిల్లలు వస్తే అద్దాలు లేనివాళ్లకు తెర మీద మసక తప్ప ఏమీ ఉండేది కాదు. అందుకే మందిలో త్రీడీ ఆపేసేవాళ్లం. నలుగురు కూడినప్పుడు పనికిరాని ఫీచర్ ఇంట్లో ఎట్లా నిలుస్తుంది?

కాజీపేటలో మా దోస్తు యాక్టివ్ రకం కొన్నాడు. అందులో బ్యాటరీతో నడిచే అద్దాలే కుడి, ఎడమ కళ్లను వంతులవారీగా మూసి తెరుస్తుంటాయి. బొమ్మ నాణ్యత మాదాని కంటే మెరుగు, ఒప్పుకుంటాను. కానీ అద్దాలకు చార్జింగ్ పెట్టాలి, బరువు, జత పోతే ఖరీదు. పైగా ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే గది అంతా మినుకుమినుకుమనేది.

రిమోట్‌లో మామూలు బొమ్మను త్రీడీగా మార్చే ఆప్షన్ కూడా ఉంది. షాపులో దాన్నే గొప్పగా చూపించారు. ఇంట్లో పెడితే మనుషులు అట్టముక్కలు కత్తిరించి నిలబెట్టినట్టు కనిపించారు. దాని జోలికి మళ్లీ పోలేదు.

ఇక చూడటానికి ఏముందన్న సంగతి. 2009 డిసెంబర్‌లో 'అవతార్' విడుదలై థియేటర్లలో త్రీడీ ఊపందుకున్నాక, 2010లో కంపెనీలన్నీ ఇళ్లకూ త్రీడీ అంటూ దిగాయి. అదే ఏడాది జూన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్‌తో అమెరికాలో ఈఎస్‌పీఎన్ త్రీడీ చానెల్ మొదలైంది, 2013లో మూతపడింది. బీబీసీ కూడా ఆ ఏడాదే త్రీడీ కార్యక్రమాలకు విరామం ప్రకటించింది. 2016లో శామ్‌సంగ్, 2017లో ఎల్‌జీ, సోనీ కొత్త మోడళ్లలోంచి త్రీడీ తీసేశాయి. మనదాకా వస్తే, 2015 అక్టోబర్‌లో 'రుద్రమదేవి' త్రీడీలో వచ్చింది. మన ఓరుగల్లు కథ కదా అని ఇంటిల్లిపాదీ థియేటర్‌కు పోయి అద్దాలు పెట్టుకుని చూశాం. అదే సినిమా చానెల్‌లో వేస్తే, ఇంట్లో త్రీడీ టీవీ ఉండి కూడా అందరిలాగే మామూలుగా చూశాం. నాకు బాగా కోపం వచ్చింది అప్పుడే. బ్లూరే డిస్కులు వేద్దామంటే దానికి త్రీడీ ప్లేయర్ వేరే కొనాలి.

బాగున్నదీ చెప్పాలి. పెన్‌డ్రైవ్‌లో సముద్రం లోపలి డాక్యుమెంటరీ ఒకటి వేసి, లైట్లు ఆర్పి, టీవీకి సమానమైన ఎత్తులో కూర్చుని చూస్తే నిజంగా అద్భుతం. మా చిన్నోడు చేపను పట్టుకోబోయి గాల్లో చెయ్యి చాపాడు. కానీ సినిమా సగానికి వచ్చేసరికి నాకు కణతలు లాగేవి. బొమ్మ ముందుకొచ్చినట్టు కనిపిస్తే రెండు కళ్లూ దగ్గరగా తిరుగుతాయి, ఫోకస్ మాత్రం తెర దగ్గరే ఉండాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరక కళ్లు అలసిపోతాయి. అందరికీ ఇట్లా కాదు, మా ఆవిడకు ఏమీ కాలేదు.

రెండు జతల కాడలు విరిగాక సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఆ మోడల్ అద్దాలు రావడం ఆగిపోయిందన్నారు. ఎంఆర్‌పీలో త్రీడీకి డబ్బు తీసుకున్నవాళ్లు ఒక జత ప్లాస్టిక్ అద్దాలైనా అందుబాటులో ఉంచకపోవడం అన్యాయం. ఇంట్లో ఇంకా ఇలాంటి టీవీ ఉన్నవాళ్లకు ఒక దారి ఉంది. పాసివ్ రకమైతే చాలా మల్టీప్లెక్సుల్లో అమ్మే త్రీడీ అద్దాలు పనిచేస్తాయి. త్రీడీ వీడియో పెట్టి ఒక్కో కన్ను మూసి చూడండి. నీడ లేకుండా ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ కనిపిస్తే సరిపోయినట్టే. టీవీని గోడ మీద నుంచి దింపి స్టాండ్ మీద పెట్టాక మా పిల్లలకు నీడల బాధ చాలావరకు పోయింది.

టీవీలోని యాప్‌లకు అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి, హెచ్‌డీఎంఐకి యాప్‌లు నడిపే స్టిక్ తగిలించి నడుపుతున్నాం. ఎక్స్ఛేంజ్‌లో త్రీడీ ఉందంటే ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వరు, కనుక్కున్నాను. ప్యానెల్ పోయేదాకా వాడుకోవడమే లాభం.